పొద్దు వాలాక దొరికిన పని

నా చిన్నప్పుడు నాచారంలో మేముండే గల్లీకి ఒక కొసన మూతబడిన ఫ్యాక్టరీ గోడ, ఇంకో కొసన మా చర్చి ఉండేవి. చర్చి అంటే పెద్ద మందిరమేమీ అనుకోకండి. ఇటుక గోడల మీద సిమెంటు రేకులు వేసిన పొడవాటి గది. ఎండాకాలంలో లోపల కూర్చుంటే నడినెత్తి మాడిపోయేది. వాన పడితే పాస్టరయ్య ఏం చెబుతున్నాడో ముందు వరుసకు కూడా వినపడేది కాదు. అయినా ఆ గది అంటే నాకు మహా గర్వం. దాన్ని కట్టేటప్పుడు మా నానమ్మ తట్టలతో ఇటుకలు మోసింది. ఆ సంఘం మొదలైనప్పుడు చేరిన నలుగురైదుగురిలో ఆమె ఒకతి. ఆడవాళ్ల వైపు ముందు వరుసలో, గోడకు ఆనుకుని ఆమె కూర్చునే చోట ఇంకెవరూ కూర్చునేవారు కాదు. ఆ పక్క చోటు నాది.

ఇది తెలంగాణ రాష్ట్రం రాకముందు మాట. అప్పటికి ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు లేవు, నాచారం నుంచి అక్కడికి పోవాలంటే సెవెన్ సీటర్ ఆటోలో పదిమందితో ఇరుక్కుని పోయేవాళ్లం. నాకింకా ఒక్క వెంట్రుకా నెరవలేదు కానీ, ఇప్పుడు మా సంఘంలో పిల్లలకు నేను పెద్దమ్మను. ఆదివారం పూట వాళ్లకు పాఠాలు చెప్పేది నేనే. చెప్పే పాఠాలన్నిటిలో ఒకటి మాత్రం పుస్తకం తెరవకుండా చెబుతాను. అది నేను ఉప్పల్ రింగు రోడ్డు పక్కన, మా నానమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నది.

ముందు మా తాతయ్య గురించి చెప్పాలి. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి నాచారంలోనే ఒక ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేశాడు. నాకు ఊహ తెలిసేసరికి పని మానేసి ఇంటిపట్టున ఉండేవాడు. నన్ను బడికి సైకిల్ మీద దింపేది ఆయనే, నా పెన్సిళ్లు కత్తితో సూదిలా చెక్కి ఇచ్చేది ఆయనే. నాకు తెలిసిన తాతయ్య అంతే. కానీ మా మేనత్తకు తెలిసిన తాతయ్య వేరు. ఆమె మా నాన్నకు అక్క, పీర్జాదిగూడలో ఉండేది, అక్కడే ఒక చిన్న బడిలో టీచరు. ఆమె చిన్నతనంలో తాతయ్య బాగా తాగేవాడట. కోపం ముక్కు మీదే ఉండేదట. నానమ్మ ప్రార్థనకు వెళ్లిందంటే చాలు, లోపల గొళ్లెం పెట్టుకునేవాడు. తిరిగొచ్చిన నానమ్మ, ఆమె చెయ్యి పట్టుకుని మేనత్త, ఆయన మనసు మారి తలుపు తీసేదాకా గడప బయట కూర్చునేవారు. పెద్దయ్యాక మేనత్త ఆయనకు చెప్పకుండా బాప్తిస్మం తీసుకుంది. తాతయ్య ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఆమె పెళ్లి చర్చిలో అని తెలిసి ఆ పెళ్లికి కూడా రాలేదు. తండ్రి నిలబడవలసిన చోట నానమ్మ తమ్ముడు నిలబడ్డాడు.

తర్వాత తాతయ్య తాగుడు మానాడు, మెత్తబడ్డాడు. మేనత్త పండగలకు వచ్చిపోతూ ఉండేది. కానీ ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో అద్దెకున్న ఇద్దరు మనుషుల్లా మసలేవారు. అన్నం తిన్నావా అంటే తిన్న అనడం. అంతకు మించి మాట సాగేది కాదు. నానమ్మను మాత్రం ఆయన ప్రతి ఆదివారం సైకిల్ మీద చర్చి దాకా దింపేవాడు. దింపి, ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో కూర్చుని, ప్రార్థన అయ్యాక ఎక్కించుకుని వచ్చేవాడు. నానమ్మ దిగేటప్పుడు, లోపలికి రావచ్చు కదా అని ఒకసారి అనేది. ఆయన బెల్లు కొట్టేవాడు. జవాబు అంతే.

నేను నాలుగో తరగతిలో ఉండగా మా బస్తీ మీద చికున్‌గున్యా జ్వరం పడింది. ఇంటికొకరు నడుం వంగి, గోడ పట్టుకుని నడిచారు. నానమ్మకు జ్వరం తగ్గినా కీళ్ల నొప్పులు వదల్లేదు. మంచం మీద పడుకుని ఆమె పడిన బాధ నొప్పుల గురించి కాదు. శనివారం శనివారం చర్చి ఊడ్చి చాపలు పరిచే పని ఆమెది. ఎవరు ఊడుస్తున్నారో, మూలల్లో దుమ్ము తీస్తున్నారో లేదో అని ఒకటే మూలుగు. ఆ మూలుగు భరించలేక ఒక శనివారం తాతయ్య లేచాడు.

“నువ్వు జర ఊకో. నేను పోయి ఊడ్చొస్త” అన్నాడు.

నేనూ వెంట వెళ్లాను. ఆయన చర్చిని మిషను షెడ్డు శుభ్రం చేసినట్టు శుభ్రం చేశాడు. బల్ల జరిపి కింద ఊడ్చాడు, కిటికీ ఊచలు ఒక్కొక్కటీ తుడిచాడు, కిర్రుమనే తలుపు బందులకు ఇంటి నుంచి నూనె తెచ్చి పోశాడు. చాపలు పరిచాక నన్ను పిలిచి, మీ నానమ్మ యాడ కూసుంటది అని అడిగాడు. చూపించాను. అక్కడికి వెళ్లి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను బయట ఆడుకుని ఆడుకుని తిరిగొచ్చినా అక్కడే ఉన్నాడు.

తర్వాతి శనివారాలు కూడా ఆయనే ఊడ్చాడు. ఒక ఆదివారం, నానమ్మకు ఇంకా బాగా లేదని పాస్టరయ్యకు చెప్పడానికి వెళ్లి, తలుపు దగ్గర నిలబడి ప్రార్థన అయ్యేదాకా విన్నాడు. ఇంకో ఆదివారం చెప్పులు విడిచి, మగవాళ్ల వైపు చివరి చాప మీద కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. అంటే మళ్లీ రాడేమోనని అందరికీ భయం. కొన్ని నెలలు అలా గడిచాక, ఒకరోజు ప్రార్థన అయిపోయి జనం లేస్తుంటే పాస్టరయ్య దగ్గరకు వెళ్లి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అయ్యగారూ, నన్ను గూడ ముంచుతరా? నా వయసోళ్లను ముంచొచ్చునా?”

తాతయ్య బాప్తిస్మం అడిగిన మాట ఆయనకంటే ముందే ఇంటికి చేరింది. చేరవేసింది నేనే, పరుగెత్తుకుంటూ వెళ్లి. నానమ్మ మంచం దిగి, గోడ పట్టుకుంటూ పెరట్లోకి వెళ్లి, నల్లా తిప్పి మొహం కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

ఇల్లంతా పండగైంది. మా నాన్న మిఠాయి తెచ్చాడు. నాకు మాత్రం ఒక సందేహం వచ్చింది. తాతయ్య ఒళ్లో కూర్చుని అడిగాను, పరలోకంలో నానమ్మకు పెద్ద కిరీటం, నీకు చిన్న కిరీటం ఇస్తారా అని. తాతయ్య పడీపడీ నవ్వాడు. నాకు టోపీ ఇచ్చినా చాలన్నాడు.

మేనత్త నవ్వలేదు. ఆ సాయంత్రమే పీర్జాదిగూడ నుంచి వచ్చింది. నానమ్మ మంచం పక్కన కూర్చుంది. తాతయ్య వాకిట్లో సైకిల్ తుడుచుకుంటున్నాడు. ఆయనకు వినపడుతుందని తెలిసే మాట్లాడిందనిపిస్తుంది నాకిప్పుడు.

“పాస్టరయ్య ఫోన్ జేసిండు. ఆదివారం నాయినను ముందు వరుసల కూసోపెడతరట, శాలువా కప్పుతరట. అమ్మా, గడప బయట కూసున్నది మనం. లోపట గొళ్లెం పెట్టుకున్నది ఆయన. ఇప్పుడు ఇద్దరికి ఒక్కటే వరుసనా?”

నానమ్మ లేచి మంచం మీద కూర్చుంది.

“ఆదివారం బల్లకు రొట్టె ఇంకెవరితోనన్న జేపియ్యి. నేను వస్తలేను.”

ప్రభువు బల్ల కోసం పులియని రొట్టె చేసేది ఏళ్లుగా మేనత్తే. ఆమె చేతి రొట్టె పలుచగా, ఎక్కడా మాడకుండా ఉండేది. ఆమె రానంటే ఆ మాట చిన్నది కాదు. నానమ్మ బతిమాలుతుందనుకున్నాను, లేదంటే ఏడుస్తుందనుకున్నాను. ఆమె రెండూ చేయలేదు.

“సరే బిడ్డా. నీ ఇష్టం. గని బేస్తారం నాడు మీ బడికి సెలవే గద? నాతోని ఉప్పల్ రా. ఆయనకు తెల్లబట్టలు కొనాలె. ఈ మోకాళ్లతోని నేనొక్కదాన్నే పోలేను” అంది.

బేస్తారం అంటే గురువారం. మోకాళ్ల నొప్పులున్న తల్లిని ఒక్కతినే పొమ్మనే కూతురు ఎక్కడుంటుంది? మేనత్త తెల్లవారగానే వచ్చింది. నాకూ సెలవే కాబట్టి నేనూ తయారయ్యాను. మేం ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఆటో దిగేసరికి పొద్దు ఇంకా పైకి రాలేదు. ఒక్క బట్టల దుకాణం కూడా తెరవలేదు. మేనత్త వాచీ చూసుకుని, ఇంత పొద్దున్నే ఎందుకు తెచ్చావమ్మా అంది. కాళ్లు నొస్తున్నాయి, జర కూర్చుందాం అని నానమ్మ మూసి ఉన్న ఒక దుకాణం మెట్ల మీద కూలబడింది. మా ఎదురుగా కూలీల అడ్డా ఉంది.

అడ్డా అంటే పని కోసం కూలీలు వచ్చి నిలబడే చోటు. ఆ వయసులో నేను దాన్ని బస్సు కిటికీలోంచి చూడటమే. దగ్గర నుంచి చూడటం అదే మొదలు. వందల మంది ఉన్నారు. తాపీ మేస్త్రీలు, పార భుజాన వేసుకున్నవాళ్లు, రంగు మరకల చొక్కాల వాళ్లు, చంకన పిల్లలతో ఆడవాళ్లు. ప్రతి ఒక్కరి చేతిలో సద్ది డబ్బా. బండి మీద ఎవరైనా మేస్త్రీ వచ్చి ఆగితే చాలు, జనం చుట్టూ మూగేవారు. అతను వేలుతో చూపిస్తూ నువ్వు, నువ్వు, నువ్వు అనేవాడు. ఆ వేలు పడినవాళ్లు ట్రాలీ ఆటో ఎక్కేవారు. ఎక్కినవాళ్లు అప్పుడే ఒకరితో ఒకరు నవ్వుతూ మాట్లాడుకోవడం నాకు బాగా గుర్తు. మిగిలినవాళ్లు ఇంకో బండి కోసం రోడ్డు చివర దాకా చూసేవారు. నానమ్మ ఇదంతా చూస్తూ కూర్చుంది. మేనత్త కూడా చూడక తప్పలేదు, మా ఎదురుగా చూడటానికి ఇంకేమీ లేదు.

దుకాణాలు తెరిచాక తెల్ల పంచె, తెల్ల చొక్కా కొన్నాం. నానమ్మ తొందరపడలేదు. నాలుగు దుకాణాలు తిప్పింది, ఇడ్లీ తినిపించింది. తిరిగి ఆటో ఎక్కడానికి రింగు రోడ్డు దగ్గరకు వచ్చేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. అడ్డా దాదాపు ఖాళీ. పది పన్నెండు మంది మాత్రం నీడ దొరికిన చోట చెదిరి ఉన్నారు. వాళ్లలో కొంచెం వయసు మళ్లిన ఒకాయన నీడలోకి కూడా రాకుండా రోడ్డు అంచునే నిలబడి ఉన్నాడు. నీడలో ఉంటే బండివాళ్లకు కనపడనని కాబోలు. పొద్దున అతన్ని చూసిన గుర్తు నాకుంది, తలకు ఎర్ర తువ్వాలు చుట్టుకున్నాడు. నానమ్మ తిన్నగా అతని దగ్గరకు నడిచింది.

“పొద్దటి సంది గిట్లనే నిలబడ్డవా తమ్మీ?”

“అవునక్కా. ఇయ్యాల నా దిక్కు ఎవ్వలు సూడలే.”

“సద్దన్న తినకపోయినవు. ఎండ పొడుస్తున్నది.”

అతను చేతిలోని డబ్బా వైపు చూసుకున్నాడు. “పని దొరికితే తిందునక్కా. దొరకనినాడు గిది పొద్దుమీకి మా పిల్లలకైతది.”

అతను సిగ్గుపడుతూ చెప్పలేదు, ఏడుస్తూ చెప్పలేదు. రోజూ ఉండే సంగతి చెప్పినట్టు చెప్పాడు. మేనత్త మొహం పక్కకు తిప్పుకుంది. అప్పుడు నానమ్మ, తాపీ పని వస్తుందా అని అడిగింది. వస్తుందన్నాడు. చర్చి వెనక బాప్తిస్మం ఇచ్చే సిమెంటు తొట్టికి పగుళ్లు పడ్డాయి, ఎవరినైనా పిలిచి మెత్తించమని పాస్టరయ్య ఆ వారమే చెప్పి ఉన్నాడు. ముందు ఆ సద్ది తిను, తర్వాత మాతో నాచారం రా అంది నానమ్మ. అతను రోడ్డు పక్కనే కూర్చుని డబ్బా తెరిచాడు. మేం ముగ్గురం మళ్లీ ఆ దుకాణం మెట్ల మీదే కూర్చున్నాం.

ద్రాక్షతోట యజమాని కథ మా సండే స్కూలులో నేను అప్పటికే విన్నాను. ప్రభువు చెప్పిన ఉపమానం అది. యజమాని తెల్లవారుజామున కొందరు కూలీలను తోటలోకి తీసుకెళ్తాడు. మధ్యాహ్నం కొందరిని, పొద్దు వాలాక ఇంకా అడ్డాలో నిలబడి ఉన్నవాళ్లను కొందరిని తీసుకెళ్తాడు. చీకటి పడ్డాక అందరికీ ఒకటే కూలీ ఇస్తాడు. పొద్దున వచ్చినవాళ్లు సణుగుతారు. మీకు ఇస్తానన్నది ఇచ్చాను, నా మంచితనం మీకెందుకు కంటగింపు అంటాడు యజమాని. నాకైతే ఆ కథ ఎప్పుడూ నచ్చేది కాదు. పొద్దున వచ్చినవాళ్లకు అన్యాయం జరిగిందనే అనిపించేది. నానమ్మ ఆ కథే ఎత్తింది. మేనత్త వైపు చూడకుండా, ఆ అన్నం తింటున్న మనిషి వైపు చూస్తూ మాట్లాడింది.

“గా కథ చెప్పినప్పుడల్ల అందరు పొద్దటి సంది పనిజేసినోళ్ల దిక్కే మాట్లాడుతరు బిడ్డా. నాకు నిలబడ్డోళ్లే యాదికొస్తరు. మీ నాయిన ఫ్యాక్టరీ బందు పడ్డప్పుడు నేను గీ అడ్డా మీదనే నిలబడ్డ. నిన్ను పక్కింట్ల ఇడిసిపెట్టి వచ్చేదాన్ని. పొద్దుగాల పని దొరికినోనికి చేతులు నొస్తయి, నడుం నొస్తది, గంతే. లోపట నిమ్మళముంటది. రాత్రి పొయ్యి ఎలుగుతదని ఎర్క ఉంటది. నిలబడ్డోనికి ఏ నొప్పి ఉండదు. ఫికర్ ఒక్కటే లోపట్నించి తింటది.”

మేనత్త బట్టల సంచి ఒళ్లోకి లాక్కుంది.

“నాకు పొద్దుగాలనే పిలుపొచ్చింది. ఆయన గొళ్లెం పెట్టినా, మనం బయట కూసున్నా, నాకు లోపట నిమ్మళమే. పాట పాడుకుంట కూసున్న. నీకు గూడ నేర్పిన. లోపట గొళ్లెం పెట్టుకున్నాయనకు ఏమున్నది చెప్పు? ఇన్నేండ్లు ఉట్టిగ నిలబడ్డడు.”

“ఆయనను నిలబడమన్నదెవరమ్మా? నువ్వు పిలవలేదా వారం వారం?”

“పిలిచిన. నా పిలుపు ఆయనకు పెండ్లాం పోరు లెక్క ఇనపడ్డదేమో. ఆయనను పిలిచేటాయన పిలవాలె గద.” నానమ్మ ఇప్పుడు మేనత్త వైపు తిరిగింది. “నువ్వు పడ్డది ఉట్టిదని నేను అంటలేను బిడ్డా. నీ పెండ్లినాడు నువ్వు దర్వాజ దిక్కే సూసుకుంట నిలబడ్డది నేను మరువలే. దానికి ఆయనే నీకు జవాబు చెప్పుకోవాలె. గది నేను చెప్పలేను, దేవుడు గూడ ఆయనకు బదులు చెప్పడు.”

అతను తినడం అయిపోయి చెయ్యి కడుక్కుని వచ్చాడు. నలుగురం ఆటో ఎక్కాం.

చర్చి వెనక తాతయ్య ఉన్నాడు. తొట్టి మీది చెక్కలు తీసి, అడుగున పేరుకున్న పాచి గీకుతున్నాడు. తాపీ మనిషి రాగానే తాతయ్య అతనికి కూలీ అయిపోయాడు. ఇసుక జల్లించాడు, సిమెంటు కలిపాడు, బకెట్లతో నీళ్లు అందించాడు. ఇద్దరూ కలిసి పని సాయంత్రానికి పూర్తి చేశారు. నానమ్మ తన చిన్న పర్సు తీసి ఆ మనిషికి రోజంతటి కూలీ చేతిలో పెట్టింది. అతను ఎంచుకుని, ఎక్కువ ఇచ్చినవక్కా, సగం దినమే చేసిన అన్నాడు. మేనత్త కూడా అలవాటుగా, అవునమ్మా, సగం దినమే గద అంది.

“ఇంటికాడ పిల్లలకు ఆకలి సగమే అయితదా?” అంది నానమ్మ.

అతను ఆ డబ్బు కళ్లకద్దుకుని వెళ్లిపోయాడు. నానమ్మ లోపలికి వెళ్లి చాప మీద నడుం వాల్చింది. తొట్టి దగ్గర తాతయ్య, మేనత్త, నేను మిగిలాం. తాతయ్య చేతుల సిమెంటు కడుక్కుంటున్నాడు. మేనత్త బట్టల సంచి ఆయన పక్కన పెట్టింది. పెట్టి వెళ్లిపోతుందనుకున్నాను. ఆమె అక్కడే నిలబడింది.

“నా పెండ్లికి ఎందుకు రాలే నాయినా?”

ఆ ప్రశ్న ఆమె అంతకు ముందెప్పుడూ అడగలేదని నాకు తర్వాత తెలిసింది. తాతయ్య నల్లా కట్టేశాడు. చేతులు తుడుచుకోలేదు, నీళ్లు కారుతుండగానే మాట్లాడాడు.

“వచ్చిన బిడ్డా. కొత్త అంగీ ఏసుకొని వచ్చిన. రోడ్డు అవతల చాయ్ హోటలు పక్కన నిలబడ్డ. మీ మామ నిన్ను లోపటికి తోలుకపోయింది చూసిన. పాటలు విన్న. మీరు మళ్ల బయటికొచ్చి కారెక్కినదాంక ఆడనే ఉన్న. రోడ్డు దాటలేకపోయిన. తప్పు నాదే. ముందు వరుస నాకొద్దు. నేను ఎనుకనే కూసుంట. నువ్వు మాత్రం రా.”

మేనత్త ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చిందని చెప్పను, అలా జరగలేదు. ఆమె తన కొంగు తీసి ఆయన చేతుల తడి తుడిచింది. ఒక్కో వేలూ తుడిచింది, గోళ్ల సందుల్లో మిగిలిన సిమెంటు కూడా. తర్వాత సంచి తెరిచి, చొక్కా కొలత సరిపోతుందో లేదో ఆయన భుజాలకు పట్టి చూసింది.

ఆదివారం నేను తెల్లవారకముందే లేచాను. చర్చిలో చోటు చాలక జనం కిటికీల దగ్గర నిలబడ్డారు. మేనత్త రొట్టె తెచ్చింది, తెల్లగుడ్డలో చుట్టి. ప్రార్థన మొదలైంది, తర్వాత అందరం వెనక తొట్టి చుట్టూ చేరాం. తొట్టికి పగుళ్లు లేవు, నీళ్లు అంచు దాకా నిలిచాయి. పాస్టరయ్య నీళ్లలోకి దిగి చెయ్యి చాచాడు. తాతయ్య తెల్లబట్టల్లో మెట్టు దాకా వచ్చి ఆగిపోయాడు. మోకాళ్లు వంగలేదో, నీళ్లంటే భయమో తెలియదు. మా నాన్న ముందుకు రాబోయాడు. అంతలో ఆడవాళ్ల వైపు నుంచి మేనత్త వచ్చింది. కొంగు నడుముకు దోపుకుని, ఆయన మోచెయ్యి పట్టుకుని, తానే ముందు నీళ్లలోకి దిగింది. ఒక్కొక్క మెట్టూ దింపింది. పాడుతున్నవాళ్లలో కొందరి గొంతులు ఆగిపోయాయి.

పాస్టరయ్య ముంచాడు. తాతయ్య పైకి లేచి, దగ్గి, కళ్ల మీది నీళ్లు తుడుచుకుని, “అయిపాయెనా అయ్యగారూ?” అన్నాడు. అయిపోయిందని పాస్టరయ్య చెప్పాడు. జనమంతా నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు. నానమ్మ వైపు చూశాను. ఆమె నవ్వలేదు, ఏడవలేదు. నొప్పులతో నెలల తరబడి వంగిన ఆ నడుం నిటారుగా పెట్టి నిలబడింది. పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చిన పిల్లను చూసే తల్లి మొహంలా ఉంది ఆ మొహం.

తాతయ్య వద్దన్నా పాస్టరయ్య ఆయనకు శాలువా కప్పి ముందు వరుసలోనే కూర్చోబెట్టాడు. బల్ల దగ్గర రొట్టె విరిచి పంచారు. నానమ్మకు ఎంత ముక్క వచ్చిందో తాతయ్యకూ అంతే వచ్చింది. నేను కావాలనే ఇద్దరి చేతులూ చూశాను. తాతయ్య ఆ ముక్కను రెండు చేతులతో పట్టుకుని, నోట్లో పెట్టుకునే ముందు ఒకసారి మేనత్త వైపు చూశాడు. మంచిగుందా అని వంట చేసినవాళ్లు అడిగినట్టు, మేనత్త కనుబొమలు ఎగరేసింది.

తర్వాత ప్రేమవిందు, అంటే సంఘమంతా కలిసి తినే భోజనం. పొడవాటి బంతిలో అందరూ కింద కూర్చున్నారు. నేను నీళ్లు పోస్తూ తిరుగుతున్నాను. నానమ్మతో పాటు మొదటి నుంచీ సంఘంలో ఉన్న ఒక ముసలావిడ, మంచి మనసే కానీ నోరు ఆగేది కాదు, నానమ్మ పక్కన కూర్చుని మెల్లగా అంది.

“ఇన్నేండ్ల సంది ఉన్నం, ఇటుకలు మోసినం. మనకు ఒక్క శాలువా కప్పలే. నిన్న మొన్న వచ్చినాయనకు మనతోటి సమానంగ ఇచ్చిండాయె దేవుడు. మనకు ఎక్కువ ఏమిచ్చిండు చెప్పు?”

నానమ్మ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది.

“ఎక్కువనే ఇచ్చిండు గద వదినా. ఇన్నేండ్లు ఇచ్చిండు.”

ఆ ముసలావిడ తన ఆకులోని మాంసం ముక్క ఒకటి తీసి, ఇది ఆయనకెయ్యి అని నా చేతికిచ్చింది. నేను తీసుకెళ్లి తాతయ్య ఆకులో వేశాను.

ఆ తర్వాత తాతయ్య ఎక్కువ కాలం బతకలేదు. కానీ బతికిన ప్రతి శనివారం నానమ్మ, ఆయన కలిసి చర్చి ఊడ్చారు. ఆమె చీపురు పట్టేది, ఆయన చాపలు దులిపేవాడు. ఏ చాప ఎక్కడ వేయాలో ఇద్దరికీ వాదన. మేనత్త నెలనెలా రొట్టె చేసుకుని వచ్చేది, వచ్చి తండ్రి పక్కన కూర్చుని చాయ్ తాగి పోయేది. ఆయన పోయినప్పుడు స్నానం చేయించే నీళ్లు కాచింది ఆమే. ఇప్పుడు నానమ్మ కూడా లేదు. వాళ్ల మనవరాలినని చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ ఛాతీ వెడల్పవుతుంది. మొదట వచ్చినామె మనవరాలినని ఎంత గర్వమో, ఆఖరున వచ్చినాయన మనవరాలినని అంతే గర్వం.

మా సంఘానికి ఇప్పుడు కూడా ఆలస్యంగా వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు. కొందరు జీవితమంతా గడిచాక వస్తారు. కొందరు తప్పు ఒప్పుకోవడానికి వస్తారు, కొందరు ఎందుకు వచ్చారో తెలియక తలుపు దగ్గర నిలబడతారు. ఇన్నాళ్లూ ఎక్కడున్నారని నేను ఎవరినీ అడగను. పాపం ఎంతసేపు ఎండలో నిలబడ్డారో అనుకుంటాను. లేచి వెళ్లి, లోపలికి రమ్మని చెయ్యి పట్టుకుంటాను.